పన్నీటి గులాబీ – ఉప్పు నేల

గులాబీ అనే మాటను మనం నేడు పువ్వుకు పేరుగా వాడుతున్నాము. కాని పారశీక భాషలో 'గుల్' అనగా పువ్వు, 'ఆబ్' అనగా నీరు. గులాబ్ అనగా పూలనుండి తీసిన పరిమళ జలమే గాని పువ్వు కాదు. ఆ నీటి పేరే హిందూస్థానంలో క్రమంగా పువ్వుకు సంక్రమించినది. అదే నీటికి తెలుగువారు పెట్టుకున్న పేరు పన్నీరు, అనగా మంచువలె చల్లని నీరు. ఆ పేరు కూడ తిరిగి పువ్వునే చేరి 'పన్నీరు గులాబీ' అయినది. ఉర్దూ పుటలు కుడినుండియు, తెలుగు పుటలు ఎడమనుండియు మొదలై ఒకే అట్టలో కలిసే ఇటువంటి సంచికలో ఈ సంగతిని ముందుగా చెప్పుకోవడం ఉచితమని తలచాము. రెండు భాషలూ ఈ పువ్వును నీటితోనే గుర్తుంచుకున్నవి.

ఆ నీరే మన తడ ప్రాంతానికి చిక్కు సమస్య. మనకు తూర్పున ఉన్న పులికాటు సరస్సు, చిలక తరువాత దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. దానికి ఆవల శ్రీహరికోట, ఆ పైన బంగాళాఖాతం. ఏడాది వర్షంలో సగానికి మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసాలలోనే కురిసి పోతుంది. 2015 నవంబరులోను, 2023 డిసెంబరు నాటి మిచాంగ్ తుపాను సమయంలోను ఈ తీరం నీట మునిగినది. మరునాటి వేసవికి అదే తీరంలో బిందెడు తీయని నీటికి వెదుకులాట తప్పదు. సరస్సు ఒడ్డునకు చేరువయ్యే కొద్దీ బావి నీటిలో ఉప్పదనం హెచ్చుతుంది. అట్టి నేలలో గులాబీని గురించి వ్రాయడం వినోదమని కొందరు అనుకొనవచ్చును. మేము మాత్రం ఇది పెరటి వినోదానికి మించిన విషయమని భావిస్తున్నాము.

కారణం ఇది. మన గ్రామాలలో, ముఖ్యంగా పాత మట్టి మిద్దెల వెనుక, బావిగట్ల ప్రక్క, దర్గాల ఆవరణలలో, ఏ నర్సరీ చీటీ లేని గులాబీ పొదలు ఉండేవి. కొన్ని ఇంకను ఉన్నవి. లేత గులాబి రంగు, వదులైన రేకులు, తెల్లవారుజామున వీధి మలుపు వరకు సోకే వాసన - ఇవి వాటి లక్షణాలు. వాటిని ఎవరూ కొని తెచ్చుకొనలేదు. పుట్టింటి నుండి ఒక కొమ్మ, పొరుగింటి నుండి ఒక కొమ్మ తెచ్చి గుచ్చుకున్నారు. నేడు పెరళ్ళు గదులవుతున్నవి. 2008లో శ్రీసిటీ పారిశ్రామిక వాడ వెలసినప్పటి నుండి అద్దె గదుల అవసరం పెరిగినది; అన్నదమ్ములు భాగాలు పంచుకుంటున్నారు; మిగిలిన జానెడు జాగాకు సిమెంటు పూత పడుతున్నది. వీటిలో ఏదీ తప్పు కాదు. అయితే పునాది త్రవ్వేనాడు పొదను పెకలించే ముందు నాలుగు కొమ్మలు కోసి దాచుకొనకపోవడం మాత్రం నష్టం. ఈ నష్టం ఇంటింటా చిన్నది. ఊరంతటికీ కలిపి చూస్తే తిరిగి రానిది.

పాత గులాబీ అనగా ఏమి? 1867లో ఫ్రాన్సు దేశపు లియోన్ నగరంలో గియో అనే తోటమాలి 'లా ఫ్రాన్స్' అనే గులాబీని వెలువరించాడు. దానిని మొదటి హైబ్రిడ్ టీ గులాబీగా ఎంచి, ఆ ఏటికి పూర్వమే ఉన్న కులాలకు చెందిన వాటినన్నిటిని పాత తోట గులాబీలని గులాబీ సంఘాలవారు నిర్ణయించారు. ఆ పాత కులాలలో గాలికా, డమాస్కు, నూరు రేకుల సెంటిఫోలియా మొదలైనవి పడమటి దేశాలవి. చైనా, టీ గులాబీలు తూర్పు దేశాలవి. ఈ తూర్పు గులాబీలు పద్దెనిమిదవ శతాబ్ది చివరి నుండి ఐరోపా చేరినవి. వాటిలో కొన్ని కలకత్తా మీదుగా పోవడం చేత ఫ్రెంచివారు వాటిని 'బెంగాలు గులాబీ' అని పిలిచారు. హిందూ మహాసముద్రంలోని బూర్బన్ ద్వీపంలో, అనగా నేటి రియూనియన్‌లో, రైతులు పొలాలకు కంచెగా డమాస్కు గులాబీని, చైనా గులాబీని కలిపి నాటేవారు. ఆ రెండింటి సంకరంతో సహజంగా పుట్టిన మొక్క 1817 ప్రాంతంలో వృక్ష శాస్త్రజ్ఞుల కంటబడినది. దాని పేరు ఎడ్వర్డ్. మన దేశంలో దండల పూలకును, అంటుమొక్కలకు వేరుమొక్కగాను విస్తారంగా వాడుకలోనికి వచ్చినది ఈ ఎడ్వర్డే. మనం పన్నీరు గులాబీ అని పిలిచే పొదలన్నీ ఒకే రకం కావు. కొన్ని డమాస్కు కుటుంబానివి, మరికొన్ని ఈ ఎడ్వర్డ్ సంతతి.

ఈ వంశావళి కేవలం పాండిత్య ప్రకర్ష కొరకు చెప్పడం లేదు. తడలో ఏది బ్రతుకుతుందో దీని మీదనే ఆధారపడి ఉన్నది. పడమటి పాత గులాబీలలో అధిక భాగం ఏడాదికొక్కసారి, అదియు చక్కని చలికాలం గడిచిన తరువాతనే పూస్తవి. మనకు చలికాలమనేది పేరుకే. అట్టి గులాబీని ఇక్కడ నాటితే ఆకులు వేస్తుంది, పూలు వేయదు. చైనా గులాబీ అట్లు కాదు. నీరున్నంత కాలం పూస్తూనే ఉంటుంది. పూతను ఆపి ఉంచవలసిన వంశాణువు ఒకటి దానిలో చెడి పనిచేయక పోవడమే ఇందుకు కారణమని 2012లో వెలువడిన పరిశోధన నిరూపించినది. ఒక లోపం వరమైన ఉదాహరణ ఇది. ఆ వరం ఎడ్వర్డ్‌కు తల్లిదండ్రులలో ఒకరి నుండి సంక్రమించినది, వాసన రెండవవారి నుండి వచ్చినది. కనుక మన తీరానికి తగినవి చైనా, టీ, నోయిజెట్, బూర్బన్ కులాలని మా దృఢాభిప్రాయం.

తీగ గులాబీల విషయంలోనూ ఇదే వివేకం అవసరం. పుస్తకాలలోని ఐరోపా గృహాల చిత్రాలలో కప్పు వరకు ప్రాకి, గుత్తులు గుత్తులుగా విరగబూసిన గులాబీ తీగలను చూచి మన యువకులు ముచ్చట పడడం సహజం. వాటిని ర్యాంబ్లర్లు అంటారు. జపాను నుండి 1893లో ఇంగ్లండు మార్కెట్టుకు వచ్చిన 'క్రిమ్సన్ ర్యాంబ్లర్', 1901లో అమెరికాలో వెలువడిన 'డొరతీ పెర్కిన్స్' వాటిలో ప్రసిద్ధమైనవి. ఇవి మల్టీఫ్లోరా, విచురానా అనే తూర్పు ఆసియా అడవి గులాబీల సంతానం. గత సంవత్సరపు కొమ్మ మీద, చలి గడిచిన పిమ్మట, ఏడాదికొక్క మారు పూయడం వాటి ధర్మం. తడ ఎండలో అవి గోడ నిండా ముళ్ళు పెంచుతవే గాని కన్నుల నిండా పూలనీయవు. తీగయే కావాలనుకునే వారికి నోయిజెట్ కులం ఉన్నది. అమెరికా దక్షిణ తీరంలోని చార్లెస్టన్‌లో, వేడిలో, తేమలో పుట్టిన కులమది. దాని శాఖకు చెందిన 1864 నాటి 'మార్షల్ నీల్' అనే పసుపు పచ్చని తీగ గులాబీ ఒకనాడు వెచ్చని దేశాల తోటలలో విరివిగా పెరిగినది.

మన దేశానికే స్వంత తీగ గులాబీలు లేవా? ఉన్నవి. నీలగిరులలో తెల్లని లెషెనాల్టియానా, హిమాలయాల క్రింద బ్రునోనీ, మణిపురంలో బ్రహ్మాండమైన జైగాంటియా పెరుగుతవి. బెంగాలు నదీ తీరాలలో, వరద నీటిలో కాళ్ళు పెట్టుకొని బ్రతికే క్లినోఫిల్లా అనే గులాబీ కూడ మనదే. వెచ్చని దేశాలకు వెచ్చని దేశపు గులాబీలనుండే కొత్త రకాలు పుట్టాలని వాదించి, జైగాంటియా, క్లినోఫిల్లాలతో దశాబ్దాలుగా సంకరాలు చేసినవారు ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఎ.ఎస్. అధికారిగా పనిచేసి, ఉద్యోగం ముందుగానే విరమించి కొడైకెనాల్‌లో స్థిరపడిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారు, వారి సతీమణి గిరిజ గారు. వృక్ష శాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ పేరును వారు తమ గులాబీలలో ఒకదానికి పెట్టారు. అంతకు ముందు తరంలో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయిన డాక్టర్ బి.పి. పాల్, గోధుమ పరిశోధనతో పాటు గులాబీ సంకరణను కూడ జీవితాంతం సాగించారు. గులాబీ పెంపకం తీరికగల వారి కాలక్షేపమనే వారికి ఈ మహనీయుల కృషియే సమాధానం.

ఇక అంటుమొక్కలను గూర్చి. అంగడిలో దొరికే గులాబీ సాధారణంగా రెండు మొక్కల కూర్పు: పైన అందమైన హైబ్రిడ్ టీ, క్రింద మొరటు వేరుమొక్క. చక్కని నేల, చక్కని నీరు ఉన్నచోట ఇది మంచి ఏర్పాటే. కాని ఉప్పుగాలి, మండుటెండ, మేకల బెడద ఉన్నచోట పై భాగం త్వరగా చస్తుంది. క్రింది వేరునుండి వేగంగా చిగుళ్ళు లేస్తవి. ఇంటివారు మొక్క బ్రతికినదని సంతోషించి నీరు పోస్తారు. చివరకు పూసేది తాము కొన్న పువ్వు కాదు. ఆకు కాడ మొదట ఉండే చిన్న రెక్కలు దువ్వెన పళ్ళవలె చీలి ఉంటే అది మల్టీఫ్లోరా వేరుమొక్క అని విద్యార్థులు గుర్తుపట్టవచ్చును. సొంత వేరు మీద పెరిగిన పన్నీరు గులాబీకి ఈ చిక్కు లేదు. ఎండకు మాడినా, మేక మేసినా, నేలమట్టం వరకు చచ్చినా, మరల లేచేది అదే మొక్క, పూసేది అదే పువ్వు. పేదవాని పెరటికి ఇంతకు మించిన భరోసా ఏమున్నది?

సొంత వేరు మొక్కను చేసుకొనడానికి ఖర్చు లేదు. వానలు తగ్గి చల్లదనం మిగిలిన డిసెంబరు, జనవరి మాసాలలో, పెన్సిలు లావు, జానెడు పొడవు ఉండి, మూడు నాలుగు కణుపులు గల ముదురు కొమ్మలను కోయాలి. క్రింది కణుపు క్రిందుగా కోసి, రెండు కణుపులు మట్టిలో మునిగేటట్లు నీడలో గుచ్చాలి. మట్టి తడిగా ఉండాలి గాని బురద కారాదు. రెండు నెలలలో వేరు పడుతుంది. అన్నీ బ్రతకవు, పది గుచ్చితే కొన్ని మిగిలినా చాలును. కోయడానికి మనసొప్పని పొద అయితే ఒక వంగే కొమ్మను నేలకు వంచి, మధ్య భాగాన్ని మట్టితో కప్పి, రాయి పెట్టి, నేల అంటు కట్టవచ్చును.

నాటిన తరువాత శత్రువు ఉప్పే. ముదురు ఆకుల అంచులు కాలినట్లు ఎండిపోవడం, మట్టిపై తెల్లని పొర కట్టడం దాని ఆనవాళ్ళు. రోజూ చెంబెడు నీరు చిలకరించే అలవాటు ఇచ్చట మేలు చేయదు. ఆ నీరు ఆవిరై ఉప్పును వేళ్ళ దగ్గర వదలి పోతుంది. రెండు రోజులకొకసారి లోతుగా తడిసేటట్లు పోస్తే ఉప్పు క్రిందికి దిగుతుంది. నవంబరు వానలకు నీరు నిలువకుండ మడిని జానెడు ఎత్తు చేయాలి. ఇసుక నేలకు చివికిన పశువుల ఎరువు, వేపపిండి ఇచ్చి, పైన ఎండుటాకులు కప్పాలి. పొటాషు వేయదలిస్తే క్లోరైడు గల మ్యూరేటును విడిచి సల్ఫేటును ఎంచుకోవాలి. తూర్పు గాలికి అడ్డుగా గోడయో, కంచెయో ఉండాలి. వేసవిలో ఆకుల అడుగున చేరే ఎర్రనల్లిని మందుకన్న ముందుగా నీటి ధారతో కడగాలి. వానలు పూర్తిగా వెనుకపట్టిన పిదప ఎండుకొమ్మలు కోసి తేలికగా కత్తిరిస్తే, ఆరేడు వారాలకు మంచి పూత వస్తుంది.

తాగునీటికే కటకటలాడే చోట పూలమొక్కకు నీరు పోయడం న్యాయమా అనే ప్రశ్న గట్టిది, దానిని దాటవేయరాదు. లెక్క చూద్దాము. రెండు రోజులకొకసారి నాలుగు లీటర్ల చొప్పున నూరు దినాల వేసవికి ఒక మొక్కకు 200 లీటర్లు కావాలి. పది మొక్కలకు 2,000 లీటర్లు. నూరు చదరపు మీటర్ల డాబాపై ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే 1,000 లీటర్ల నీరు పడుతుంది. అనగా నవంబరులో కురిసే రెండు సెంటీమీటర్ల వానను పట్టి, దోమలు చేరకుండ మూత పెట్టి దాచుకుంటే, పది పొదలు వేసవి గట్టెక్కుతవి. ఎవరి బిందె నుండియు గ్రుక్కెడు తీసుకొననవసరం లేదు. పైగా వాన నీటిలో ఉప్పుండదు. గులాబీ కొరకు పట్టడం నేర్చిన చెయ్యి ఇంటి కొరకు కూడ పట్టడం నేర్చుకుంటుంది. మాకు గులాబీపై గల ఆసక్తిలో సగం ఈ కారణం వల్లనే.

మల్లె, కనకాంబరం ఉండగా గులాబీ ఎందుకని మరికొందరు అడుగుతారు. ఆ రెండూ ఉండవలసినవే. అవి గులాబీకంటె ఈ వాతావరణానికి సులువైనవి కూడ. ప్రతి ఇంటా గులాబీ ఉండాలని మేము వాదించడం లేదు. ఉన్న పాత పొద పోరాదని మాత్రమే వాదిస్తున్నాము. పన్నీరు గులాబీ రేకులు సాయంకాలానికే రాలిపోతవని, పూలకుండీలో నిలువవని ఇంకొక ఆక్షేపణ. నిజమే. వారం రోజులు నిలవడానికని తీర్చిన అంగడి గులాబీలలో చాల వాటికి వాసన లేదన్నదీ నిజమే. ఏ పనికి ఏ పువ్వు అన్నదే వివేకం.

ఆ పని ఏదో మన ఇండ్లలోని పెద్దలకు తెలుసు. పెండ్లికుమారుని సెహ్రా, దర్గాపై పూల చాదరు, గుడిలో పూజ పళ్ళెం, పందిరిలో అతిథులపై పన్నీరు చిలకరింపు - వీటన్నిటికీ వాసన ప్రాణం. కసుమూరు దర్గాకో, సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడికో పోయేవారు పట్టుకుపోయే పొట్లంలోని పువ్వు ఒక్కటే. యూనానీ వైద్యంలో దీని పేరు గులె సుర్ఖ్. గుల్కందుకు మూలద్రవ్యం ఇదే. ఇచ్చట ఒక హెచ్చరిక చేయాలి: అంగడి గులాబీలపై పురుగుమందులు చల్లుతారు గనుక వాటితో గుల్కందు చేయరాదు. మందు చల్లని పెరటి పువ్వే తినదగినది. రేకులను, చక్కెరను పొరలు పొరలుగా గాజు సీసాలో నింపి కొన్ని వారాలు ఎండలో ఉంచితే చాలును. ఎండకు మన ఊరిలో కొదువ లేదు. అత్తరు మాత్రం పెరటి పని కాదు; ఒక కిలో గులాబీ తైలానికి సుమారు 3,000 నుండి 5,000 కిలోల పూలు కావాలి. గులాబీ అత్తరు కనుగొన్న ఘనతను జహాంగీరు చక్రవర్తి తన ఆత్మకథలో ఏ పండితునికీ ఇవ్వలేదు. నూర్జహాన్ తల్లి అయిన అస్మత్ బేగంకు ఇచ్చాడు. పన్నీరు కాచేటప్పుడు పాత్రపై తేలిన నురుగును పారవేయక పరిశీలించిన ఒక గృహిణి ప్రజ్ఞ అది. పెరటిలోను, వంటయింటిలోను జరిగే పనిని చదువు కాదనుకునే మన విద్యార్థులు ఈ సంగతిని ఆలోచించాలి.

విద్యార్థినీ విద్యార్థులారా, మీ ఇంటి దాదీమాను, నానీమాను, అవ్వను అడగండి: పెరటిలోని గులాబీ ఎవరింటి నుండి వచ్చినది, ఏ పేరుతో పిలిచేవారు, ఏ నెలలో ఎక్కువ పూసేది. పేర్లు ఉర్దూలో చెబితే ఉర్దూలో, తెలుగులో చెబితే తెలుగులో వ్రాసుకొనండి. ఇల్లు పడగొట్టే మాట వినబడిననాడే కొమ్మలు కోసుకొనండి. గోడ లేచిన తరువాత విచారించి ప్రయోజనం లేదు.

కళాశాల సంఘ పెద్దలకు మా విన్నపం స్వల్పం. వార్షికోత్సవానికి పూలకుండీలు అద్దెకు తెప్పించే సొమ్ములో కొంత భాగంతో, కళాశాల డాబా నుండి దిగే వాన నీటికి 2,000 లీటర్ల తొట్టి ఒకటి అమర్చండి. తూర్పు గాలి తగలని గోడ ప్రక్క పది మొక్కలకు చోటివ్వండి. ఆ పది మొక్కలు పది ఊళ్ళనుండి విద్యార్థులు తెచ్చిన కొమ్మలు కావాలి, కొన్నవి కారాదు. ప్రతి మొక్క ఎదుట దాని ఊరి పేరు రెండు లిపులలోను ఉండాలి. వృక్షశాస్త్ర విభాగం వారు నీటి ఉప్పదనాన్ని, పూత నెలలను ఒక పుస్తకంలో నమోదు చేయాలి. వచ్చే సంచిక వెలువడేనాటికి ఆ పదింటిలో ఎన్ని బ్రతికినవో, ఎన్ని పోయినవో, పోయినవి ఎందుకు పోయినవో ఆ లెక్క ఈ పుటలలోనే, ఉర్దూలోను తెలుగులోను, అచ్చు కావాలని కోరుతున్నాము.